తాళం నా ఫోనులోనే ఉంది

నా వయసు యాభై ఒకటి. చిన్న సినిమాలకు హాళ్ళు మాట్లాడి ఆడించడం నా పని. ఫిల్ము డబ్బాలు మోసిన రోజుల నుంచీ ఈ రంగంలో అందరూ నన్ను డబ్బాల బాబాయి అంటారు. వృత్తి అన్న చోట స్టేషను రైటరు గారు 'సినిమా పంపిణీ' అని రాశారు. నేను దర్శకుణ్ణి కూడా. అదీ రాయమని కోరుతున్నాను. ఎస్సై గారు అడిగిన మీదట, ఎవరి బెదిరింపూ లేకుండా, ఈ సాయంత్రం స్టేషనులో కూర్చుని చెబుతున్నాను.

హాలు మేనేజరు ఫిర్యాదు నిజమే. ఈ మధ్యాహ్నం మూడు దాటాక టికెట్ల కిటికీ పక్కనున్న మెయిన్ స్విచ్ దించింది నేనే. ప్రొజెక్టరు ల్యాంపు పేలిందీ అందువల్లే. ల్యాంపు ఆర్పిన తరువాత కూడా ఫ్యాను కొంతసేపు తిరగాలి, లేకపోతే వేడికి పేలుతుంది. ఈ సంగతి తెలియక చేశానని చెప్పలేను. కొత్తగా చేరిన ఆపరేటర్లకు అది చెప్పేదే నేను.

ఈ రోజు ఆడాల్సిన సినిమా నా తోడల్లుడు తీశాడు. నా భార్య చెల్లెలి భర్త. నన్ను అన్నయ్యా అంటాడు. మొన్నమొన్నటిదాకా పెళ్ళి వీడియోలు కత్తిరించుకునేవాడు. కళల నిధికి దరఖాస్తు ఎలా రాయాలో, పేదల కథను డబ్బిచ్చేవాళ్ళ చెవికి ఎక్కేలా ఎలా చెప్పాలో నేర్పింది నేను. అతని దరఖాస్తు మూడుసార్లు దిద్దాను. నిధి వాళ్ళు అతనికి ఇచ్చారు. నాకు ఇవ్వలేదు. తక్కువపడిన సొమ్ము కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకున్నారు. సినిమా వాళ్ళదే. బాత్రూముకు వెళ్ళాలన్నా సూపర్‌వైజరు దగ్గర టోకెను తీసుకోవాల్సిన ఆడవాళ్ళ కథ.

మురుగు కాలవల్లోకి దిగేవాళ్ళ మీద నేను ఆరేళ్ళ క్రితమే సినిమా తీశాను. నాది ముందు వచ్చింది. రెండు సినిమా ఉత్సవాల్లో మెచ్చుకుని కాగితాలు ఇచ్చారు. ఒక్క హాలూ దొరకలేదు. నాది ముందు వచ్చింది, ఇది రాసుకోండి.

నా భార్య ఆ ఫ్యాక్టరీలోనే కాలర్లు కుడుతుంది. అతని సినిమాలో ముఖ్యమైన వేషం ఆమెదే. నా సినిమాలోనూ ఆమె ఉంది. బిందె పట్టుకుని సందులోకి నడిచి వెళుతుంది. వీపు మాత్రమే కనిపిస్తుంది. ఎస్సై గారు ఎందుకని అడిగారు. ముఖం చూపించాలని నాకు తోచలేదు.

ప్రచారానికి పోస్టర్లు వేయిద్దామని నేనన్నాను. వాళ్ళు కొలత టేపుల మీద సినిమా పేరు అచ్చువేసి ఊళ్ళోని దర్జీలందరికీ పంచారు. కొలతలిచ్చిన ప్రతి మనిషి మెడలోనూ, నడుముకూ ఆ పేరు చుట్టుకుంది. ఆ ఆలోచన నా భార్యది. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, నా సినిమాకు ఒక్క ఆలోచనా చెప్పలేదు. నేను అడగలేదంటుంది.

ఈ రోజు పదకొండు గంటల ఆటకు, పెద్ద హాళ్ళకు సినిమాలు కొనే మేడమ్ రావాలి. ఆమె ఊఁ అంటే సినిమా నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. లేకపోతే నా సినిమాలాగే అటక మీద ఉంటుంది. ఆమె రైలు ఆలస్యమైంది. ఆట రెండున్నరకు మార్చారు. ఇప్పటి సినిమా డబ్బాలో రాదు, కంప్యూటరు ఫైలుగా వస్తుంది, దానికి తాళం ఉంటుంది. ఆ తాళాన్ని ల్యాబువాళ్ళు నాకు మెయిల్లో పంపుతారు, దానితో చెప్పిన మెషీనులో, చెప్పిన వేళకే సినిమా తెరుచుకుంటుంది. మా తాళం ఒంటిగంటతో ముగిసింది.

"అన్నయ్యా, కొత్త తాళం అడిగావా?" అన్నాడు తోడల్లుడు.

"ల్యాబువాళ్ళు ఫోనెత్తడం లేదు తమ్ముడూ" అన్నాను.

అబద్ధం. పన్నెండున్నరకే వచ్చింది. నా ఫోనులోనే ఉంది. అడగడం అలవాటుకొద్దీ అడిగాను, ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు.

హాలు నిండింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పిల్లలతో, అత్తలతో వచ్చారు. ఆపరేటరు ల్యాంపు వెలిగించాడు. తెర మీద తెల్లటి వెలుగు తప్ప ఏమీ రాలేదు. మేడమ్ వాచీ చూసుకుంది. నాకు హాయిగా అనిపించింది. దాచను.

అప్పుడు నా భార్య లేచి తెర ముందుకు వెళ్ళింది. ఆ తెల్లటి వెలుగులో నిలబడి, "బొమ్మ రాకపోతే ఏం, మేమున్నాంగా" అంది. అందరూ నవ్వారు. తోటి పనివాళ్ళలో ఒకావిడ సినిమాలోని సూపర్‌వైజరుగా నిలబడింది. నా భార్య ఆమెతో అన్నది ఇది: "టోకెను మీ దగ్గరే ఉంచుకోండి సార్. నేను వెళ్ళొస్తాను. వచ్చాక నా మిషను మీద ఇంకొకరు ఉండకూడదు."

అరవలేదు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది. మేడమ్ ముందుకు వంగి చూస్తోంది. తోడల్లుడు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా భార్య ముఖాన్ని అలా అతను ముందే చూశాడు, నేను అందరితో పాటు ఇప్పుడు చూస్తున్నాను. నాకు కలిగింది అసూయే, ఇంకో పేరు పెట్టను. బయటికి వెళ్ళి స్విచ్ దించాను.

పైన ప్రొజెక్టరు గదిలో టప్పున ల్యాంపు పేలింది. లోపల ఒక్క క్షణమే గోల. తరువాత ఆడవాళ్ళు ఫోను లైట్లు వేసినట్టున్నారు, తలుపు సందులోంచి వెలుగు వచ్చింది. ఆమె గొంతు మాత్రం ఆగలేదు. చివరిదాకా చెప్పింది. చప్పట్లు కొట్టారు. స్విచ్ దించడం చూసిన గేటు మనిషి నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు కాబట్టి నేను అక్కడే నిలబడి అంతా విన్నాను. మేడమ్ బయటికి వస్తూ, "ఈ సినిమా నేను తీసుకుంటున్నాను" అని తోడల్లుడితో అంది. నా భార్య నా దగ్గరికి వచ్చి, నా జేబులోంచి ఫోను తీసుకుని చూసింది. "ఎన్నింటికొచ్చింది?" అని అడిగింది. చెప్పాను. ఫోను తిరిగి నా జేబులో పెట్టింది. తిడితే బాగుండేది.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, కలిపింది గానీ వదిలింది గానీ లేదు. సంతకానికి ముందు ఇది కూడా చేర్చమని కోరుతున్నాను. నా తోడల్లుడు పూచీకత్తు ఇస్తానని బయట బెంచీ మీద కూర్చున్నాడనీ, ల్యాంపు ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడనీ కానిస్టేబులు ఇప్పుడే చెప్పాడు. అతని పూచీ మీద నేను బయటికి రాను. నన్ను ఇక్కడే ఉంచండి. నా భార్య కూడా ఆ బెంచీ మీదే ఉందట. ఆమెను మాత్రం అతని బండి మీద ఇంటికి పంపకండి. ఆటో పిలిపించండి.

(సంతకం)