లేవకూడని వేషం

సూరత్, తాపీ ఒడ్డున వందేళ్ల నాటి హోటలు. అతిథులు భోంచేస్తూ చూసే, రవీంద్రభాయ్ ఆడించే నాటకంలో మొదటి అంకం అయిపోయింది. వంటగది వెనక ఇద్దరు: హత్యకు గురైన సేఠ్ శవంగా పడుకునే మగ్గం పనివాడు లింగమూర్తి, ఆ శవం మీద పడి ఏడ్చే వేషం కట్టిన అతని భార్య భూదేవి.

"మొఖం తుడుసుకో. పౌడరంత చారలు చారలైంది."

"చెమట."

"ఏసీల చెమటేంది?"

"లైట్ల వేడి. రవీంద్రభాయ్ ఏమన్న అన్నడా?"

"పీనుగ కండ్లల్ల నీళ్లేందని అడిగిండు. తినేటోళ్లంత పడిపడి నవ్విన్రట. ఇంకోపారి గిట్లయితె వేరేటోణ్ని పండవెడ్తా అన్నడు."

"పండవెట్టుకోమను. ఒకామె నా చెవి కాడ్నే పాపడ్ ఇరుసుకుంట తినబట్టె. వాసనకు నా కడుపుల పేగులు అరిసినయి. సచ్చినోని పొట్ట అరుస్తదా అని ఒకాయన వంగి చెవి వెట్టి ఇన్నడు."

"నవ్విద్దామని చూడకు. నేనడిగింది అది కాదు."

"ఏమడిగినవ్?"

"ఎందుకేడ్చినవ్?"

"నువ్వు సేఠ్ పేరు వెట్టి గద ఏడ్వాలె. నాలుగు శనివారాల సంది అట్లనే ఏడ్చినవ్. ఇయ్యాల సంపత్ పేరెందుకు ఎత్తినవ్?"

"వాళ్లకు తెలుగొస్తదా? ఏ పేరైతేంది."

"నాకొస్తది గద."

"నా కొడుకు. వాని మీద పడి ఏడ్వనే లేదు నేను. సిరిసిల్ల నుంచి వచ్చి రైలు దిగేటాళ్లకు బూడిద చేతిల వెట్టిన్రు."

"నువ్వొచ్చేదాక ఆపుదామనే అన్న. దవాఖానోళ్లు ఇనకపాయె…"

"అది ఇడిసిపెట్టు. ఏ మాట కాడ ఏడ్చినవ్?"

"యాదికి లేదు."

"నాకున్నది. పచ్చకామెర్లని ఏడ్చిన, నువ్వు కదలలే. వాని గళ్ల అంగీ చెప్పి ఏడ్చిన, కదలలే. 'నాయిన చేతి నీళ్లు తాగి కండ్లు మూస్తివి కొడుకా' అన్న. అప్పుడు కారినయి."

"గంట కొట్టిన్రు. పోదాం పా."

"ఇంక కొట్టలే. మిఠాయి వడ్డిస్తాన్రు."

"భూదేవీ, జర ఊకో."

"నీళ్లల్ల తులసాకు ఏసినవా?"

"తులసాకు యాడ దొరికె. ఒట్టి నీళ్లే."

"ఆనాడు ఏసిన అన్నవ్."

"అన్ననా? ఏసినట్టే ఉన్న."

"చెంచతోని పోసినవా, చేత్తోనా?"

"చేత్తో… చెంచతోని."

"సంపత్ నాయినా, నా మొఖం చూసి చెప్పు."

"నేను పొయ్యలే."

"ఆ."

"వార్డు బయట బల్ల మీద కూసున్న. లోపల్నించి వాడు నాయినా, నాయినా అంటాండు. కాళ్లు లేవలే. లోపలికి పోతె సచ్చిపోతడు, పోకుంటె బతుకుతడు అనిపిచ్చింది. గంతే. నా పక్క మగ్గం మల్లేష్ పోసిండు నీళ్లు. నీకు చెప్పనీకి నోరు రాలే."

"నాకెరికే."

"ఎరికేంది? ఎప్పటిసంది?"

"ఏడాది సంది. మల్లేషే చెప్పిండు. ఇంట్ల వాని పేరెత్తుతె చెప్పులేసుకొని బయటికి పోతవ్. ఈడనైతె లేచి పోలేవని, నేనే రవీంద్రభాయ్‌ని బతిలాడి నీకు పీనుగ వేషం ఇప్పిచ్చిన."