మేకప్ గదిలో ఉమ్మడి వ్యాపారం

నుదురు ముడవకండి సార్! అదిగో, మళ్ళీ ముడిచారు. మీరు ముడిచిన ప్రతిసారీ నా పౌడరంతా వెళ్ళి ఆ గీతల్లో కూర్చుంటోంది. తీరా లైట్లు పడ్డాక బీటలేసిన నేలలా కనిపిస్తారు. అప్పుడు జనం మిమ్మల్నేమీ అనరు, నన్నంటారు.

అసలు మీ ఆర్థికవేత్తలందరికీ ఇదేం జబ్బండీ? ఈ కుర్చీలో పాటగాళ్ళు కూర్చున్నారు, ఆటగాళ్ళు కూర్చున్నారు, దొంగలెక్కలు రాసి దొరికిపోయినవాళ్ళు కూడా కూర్చున్నారు. అందరూ హాయిగా వెనక్కి జారబడతారు. మీవాళ్ళు మాత్రం కూర్చోగానే లోకంలో ఉన్న అప్పంతా తమ పేరనే రాసున్నట్టు మొహం పెడతారు.

వద్దొద్దు, జవాబు చెప్పకండి. మీసం సరిచేస్తున్నా. కత్తెర పెదవి మీదే ఉంది. ఒక్క మాట జారిందంటే ఒంటి మీసంతో వెళ్ళి ధరల గురించి మాట్లాడాల్సొస్తుంది. మీరెంత గొప్పగా చెప్పినా ఎవరూ వినరు, మీసమే చూస్తారు.

నన్ను గుర్తుపట్టలేదు కదూ? పర్లేదు లెండి. అద్దం ముందు కూర్చున్నవాళ్ళు తమ మొహమే చూసుకుంటారు గానీ, వెనకాల నిలబడ్డ మనిషినెవరు చూస్తారు? నాలుగేళ్ళ కిందట ఇదే కార్యక్రమానికి వచ్చారు మీరు. ఇదే కుర్చీ. అప్పటికి కాస్త జుట్టుండేది. అబ్బే, ఎత్తిపొడవడం కాదు సార్. మాట వరసకి.

అప్పుడు మిమ్మల్నో సలహా అడిగాను. "సార్, నాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది. చిన్న పనేదో చేసుకుంటూ తన బతుకు తను బతుకుతోంది. ఇప్పుడొకాయన వచ్చి ఉమ్మడి వ్యాపారం పెడదాం రమ్మంటున్నాడు. చేరాలా, వద్దా?" అని. మీరు కళ్ళజోడు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. ఆలోచించి, "పరిస్థితులు స్థిమితపడేదాకా ఆగమనండి" అన్నారు.

ఆగింది సార్. ఆ తెలిసినావిడ ఆగింది. నాలుగేళ్ళు ఆగింది. ఇంకా ఆగే ఉంది, ఇదిగో, మీ మీసం కత్తిరిస్తోంది.

నవ్వకండి! కత్తెర, కత్తెర!

ఆ వ్యాపారమేమిటో ఇప్పటికైనా అర్థమైందా? అయ్యే ఉంటుంది. ఎంతైనా ప్రొఫెసరుగారు.

ఆయనెవరంటే... ఇందాక మీ దగ్గరకొచ్చి, "ఏదైనా ఒక్కమాట మాట్లాడండి సార్" అని, మీరు మాట్లాడుతుంటే తల వంచుకుని విన్నాడే, ఆయనే. మా సౌండాయన. ఇక్కడందరూ చెవులాయన అంటారు. ఎప్పుడు చూసినా చెవులకి ఆ హెడ్‌ఫోన్ డిప్పలే కదా మరి! లోకంలో అందరి మాటా వింటాడు, తన మాట మాత్రం గడప దాటదు.

అలాంటి మనిషి ఓ సాయంత్రం కార్యక్రమం అయిపోయాక వైర్లు చుట్టుకుంటూ వచ్చి ఈ తలుపు దగ్గర నిలబడ్డాడు. నా వంక చూడలేదు. వైరు వంకే చూస్తూ, "మా ఇంట్లో పెద్ద అద్దం ఒకటుంది. మా ఆవిడ పోయాక అందులో చూసుకునేవాళ్ళు లేరు. మీకు అభ్యంతరం లేకపోతే..." అన్నాడు. అంతే. మిగతాది మింగేశాడు.

నేనేమన్నాను? "చూద్దాం" అన్నాను. ఏం చూస్తాం సార్? చూడ్డానికి ఏముంది? బ్రష్షు చేతిలో ఉంది, నోటికొచ్చింది అనేశాను. ఆ వారమే మీరు దయచేశారు. మీరేమో ఆగమన్నారు.

మీ ఒక్కరి మాట మీదే ఆగానని అనుకోకండి. అంత అమాయకురాలిని కాను. ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి ఆర్థికవేత్తనీ అడిగాను. మీలాంటి పెద్దమనుషుల సలహా బయట కొనాలంటే మాటలా? నాకు ఉచితంగా దొరుకుతుంటే వదులుకుంటానా?

బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మేడం ఒకావిడ వచ్చింది. అడగ్గానే, "హామీ ఏముంది?" అంది. ఇంటికెళ్ళి ఆలోచించాను. ఏం హామీ ఉంది? ఒకసారి నాకు జ్వరమొస్తే ఆటోలో ఇంటిదాకా వచ్చి దింపి, గుమ్మం కూడా ఎక్కకుండా వెళ్ళిపోయాడు. అది హామీ కిందికొస్తుందా? మేడంని అడుగుదామంటే మళ్ళీ రాలేదు.

తర్వాత షేర్ల గురించి చెప్పే కుర్రాడొకడు. కూర్చున్నంతసేపూ ఫోను చూస్తూనే ఉన్నాడు. "అక్కా, అంతా ఒక్కచోట పెట్టొద్దని చెప్పండి. నాలుగు చోట్ల పెట్టమనండి" అన్నాడు. నాలుగు చోట్లా! పరువుగల కుటుంబం నాయనా మాది, అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఇంకొకాయన తత్వవేత్తట. ఆర్థికశాస్త్రం మీదే పుస్తకాలు రాస్తాడట గానీ, జేబులో దువ్వెన కూడా లేదు. నా దువ్వెనే అడిగి తీసుకున్నాడు. "ధర వేరు, విలువ వేరమ్మా. ధర అడిగితే అవతలివాడు చెబుతాడు. విలువ మాత్రం పోగొట్టుకున్నాకే తెలుస్తుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పోగొట్టుకున్నాక తెలిసి ఏం లాభం, నెత్తిన కొట్టుకోడానికా? పైగా నా దువ్వెన కూడా తీసుకుపోయాడు.

ఇలా ఒకరు ముందుకి లాగితే ఇంకొకరు వెనక్కి. ఇద్దరు కలిసొచ్చినప్పుడైతే నా ప్రశ్న మీద వాళ్ళిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. స్టూడియోలో పోట్లాడాల్సినదంతా ఇక్కడే పోట్లాడేసి, లోపలికెళ్ళి చక్కగా ఒకరికొకరు తలూపుకున్నారు. మా యాంకరమ్మ నన్ను చంపినంత పని చేసింది.

ఇంట్లో మా వదినుంది. అన్నయ్యా వదినల దగ్గరే ఉంటాను లెండి. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఏమ్మా, ఇవాళ నీ పండితుడేమన్నాడు? ధరలు దిగుతాయటా, లేక నువ్వే దిగొస్తావా?" అంటుంది. మా అన్నయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. పేపరు ఊగుతుంటుంది. నవ్వుతున్నాడని నాకు తెలీదా?

ఇటు తిరగండి. చెవి పక్కన ఓ తెల్ల వెంట్రుక తోకలా లేచి నిలబడింది. ఆఁ, సరిపోయింది.

అన్నట్టు, మీకో రహస్యం చెబుతాను. నేను చెప్పానని చెప్పకండి. "ఆర్నెల్లలో ధరలు వాటంతటవే దిగొస్తాయి" అని అప్పట్లో అన్నారు చూడండి, ఆ వీడియో ముక్క మా యాంకరమ్మ వెతికి పట్టుకుంది. ఇవాళ అది వేసి, "ఇప్పుడేమంటారు సార్?" అని అడుగుతుంది. చూశారా, చెమట పట్టేసింది! ఇంతసేపూ నేను పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. ఉండండి, మళ్ళీ అద్దుతా.

మీ సంగతి అలా ఉంచండి. మీరు వంద చోట్లకి వెళతారు, ఒకచోట పోయింది ఇంకోచోట దిద్దుకుంటారు. నా సంగతి చూడండి. ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అక్కడ మాటల కార్యక్రమాలు కావట, పాటలట. మాటలు విని విని చెవులు అలిసిపోయాయన్నాడు. ఇవాళ మీదే ఆయన చేసే ఆఖరి కార్యక్రమం. మీరు లోపల ముగింపు మాట చెప్పడంతోనే ఆయన వైర్లు చుట్టి పెట్టేసి వెళ్ళిపోతాడు.

నిన్న వచ్చి చెప్పాడు, "వెళ్ళిపోతున్నానండీ" అని. నేనేమన్నానో తెలుసా? "మంచిది" అన్నాను. మంచిది! ఏం మంచిది సార్? ఎవరికి మంచిది? కాసేపు నిలబడ్డాడు. నేను బ్రష్షులు కడుగుతూనే ఉన్నాను. శుభ్రంగా ఉన్న బ్రష్షులే మళ్ళీ కడిగాను.

మళ్ళీ ఆయనెందుకు అడగలేదంటారా? ఎందుకు అడుగుతాడు? అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే. అడిగినా పెట్టని దాన్ని ఎన్నిసార్లని అడుగుతాడు? మౌనం అర్ధాంగీకారం అంటారు కదా అని నేను ధీమాగా కూర్చున్నాను. మిగతా సగం కోసం ఆయన నాలుగేళ్ళు చూసి ఉంటాడు, పాపం.

ఏమిటలా కిందికి చూస్తున్నారు? చెయ్యెందుకు కాలరు మీదికి పోతోంది? ఓహో, అదా!

చెయ్యి తియ్యండి సార్. మైకు ఆన్‌లోనే ఉంది. నాకు తెలుసు. మేకప్ కాకముందే మైకు పెట్టేయడం ఇక్కడి పద్ధతి. తర్వాత పెడితే నా పౌడరంతా కోటుకి రాసుకుపోతుందని గొడవ. అవతలి గదిలో ఆయన డిప్పలు తగిలించుకుని, మీ గొంతు ఎంతలో ఉందో, చొక్కా రాపిడి వినిపిస్తోందో లేదో చూసుకుంటూ ఉంటాడు. మీరు ఊపిరి పీల్చినా వినపడుతుంది. నేను మీ చెంప మీద బ్రష్షు ఆడించినా వినపడుతుంది.

ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఉన్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? తెలిసే మాట్లాడుతున్నాను. ఊరికే మీ మీసం కోసం ఇంతసేపు పడుతుందనుకున్నారా? మీసం పని ఎప్పుడో అయిపోయింది. ఈ కత్తెర ఊరికే ఆడిస్తున్నాను.

మిమ్మల్ని అడ్డం పెట్టుకున్నానంటారా? పెట్టుకున్నాను సార్. తప్పే. మీ మొహం చూస్తూ మాట్లాడితే నోరు పెగులుతోంది. ఆయన మొహం చూస్తే "చూద్దాం", "మంచిది", ఇవే వస్తున్నాయి. నేనేం చెయ్యను?

ఎలాగూ వింటున్నాడు కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మీరు కదలకండి, మైకు జారుతుంది.

ఒకసారి చేరాను సార్ ఉమ్మడి వ్యాపారంలో. చిన్న వయసులోనే. భాగస్వామి ఓ రోజు సబ్బు కొనుక్కొస్తానని వెళ్ళాడు. మూడు రోజులు ఆ సబ్బు కోసం ఎదురుచూశాను. ఇంకో ఊళ్ళో ఇంకో కొట్టు తెరిచాడని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఎవరైనా తలుపు దగ్గర నిలబడి మాట్లాడితే, వీడూ ఎప్పుడో సబ్బుకి వెళతాడనిపిస్తుంది. ఈయన అలాంటివాడు కాడని తెలుసు. తెలిసినా భయం పోదు. తెలియడం వేరు, భయం వేరు.

అందుకే మిమ్మల్నందర్నీ అడుగుతూ కూర్చున్నాను. సలహా కోసం కాదు సార్. మీరు ఆగమన్నారు కాబట్టి ఆగానని ఇన్నాళ్ళూ మీ మీదికి నెట్టాను. మీరు చేరమన్నా నేను చేరేదాన్ని కాదు, ఇంకొకర్ని అడిగేదాన్ని. అడుగుతున్నంతకాలం జవాబు చెప్పక్కర్లేదు కదా! నాకు కావాల్సింది ఆ ఒక్కటే. ఇందులో మీ తప్పేం లేదు. అంతా నా పిరికితనం.

నాకు ఆయనంటే ఇష్టం. చాలా ఇష్టం. ఆయన లేకుండా రేపు ఈ గదిలోకి ఎలా రావాలో తెలీడం లేదు. ఈ మాట మా వదినక్కూడా చెప్పలేదు.

చెప్పేశాను. అబ్బ! కాస్త మీ కుర్చీ పట్టుకుంటాను, ఏమనుకోకండి.

ఏం వినపడదు సార్. మీరు తల అటూ ఇటూ తిప్పినా లాభం లేదు. ఈ మైకు ఇక్కడి మాట అటు పట్టుకెళ్తుంది గానీ, అక్కడి మాట ఇటు తేదు. విన్నాడో లేదో తెలీదు. ఆ సమయానికి కాఫీకి వెళ్ళాడేమో కూడా తెలీదు. నా అదృష్టం అలాంటిది.

అదిగో, యాంకరమ్మ పిలుస్తోంది. వస్తున్నారమ్మా! సార్‌ది కొంచెం మొండి మీసం, ఒక్క నిమిషం!

వెళ్ళండి సార్. మొహం బాగుంది, నిజంగానే బాగుంది. పదేళ్ళు తగ్గించాను. లోపల ఆ వీడియో ముక్క వేసినప్పుడు లెక్కలు చెప్పకండి. "అప్పుడు తెలియక చెప్పాను" అనండి. పెద్ద కష్టమేం కాదు. నేనిప్పుడే చెప్పాను కదా, చచ్చిపోలేదు. నాకేమవుతుందో నేను చూసుకుంటాను. ఏమవుతుంది, రేపూ ఓ మొహం వస్తుంది, పౌడరు రాస్తాను.

లేవండి మరి. ఏంటి, లేవరేం? అద్దంలో ఏం చూస్తున్నారలా? నా వెనకాల... ఎవరు?

అయ్యో.

ఏంటండీ? మైకులో గరగర వస్తోందా? గరగరేం లేదు, ఇంతసేపూ బాగానే ఉంది. అయినా ఆ డిప్పలు చెవులకే ఉంచుకుని వచ్చేశారేంటి? వైరు చూడండి, అక్కడెక్కడో పీకేసుకుని వచ్చినట్టున్నారు, నేల మీద ఈడుస్తోంది. అది లేకపోతే లోపల కార్యక్రమం ఎలా జరుగుతుందండీ? అందరూ కాచుకుని ఉన్నారు!

సరే, సరే. తలుపు దగ్గరే నిలబడకండి. లోపలికి రండి. ఇంకా దగ్గరకి రండి, నేనేం కొరకను.

ప్రొఫెసరుగారూ, మీరొకసారి కళ్ళు మూసుకోండి. పౌడరు కాదు సార్. ఊరికే మూసుకోండి.