దోరు చెవులు

నలభయ్యో రోజు ప్రార్థన ముగిసింది. చనిపోయిన కొడుకు దోరు ఇయర్‌బడ్స్ డబ్బీని, వెలిగించిన కొవ్వొత్తితో కలిపి వాడి పేరిట దానంగా పక్కింటి ఇలింకా చేతిలో పెట్టింది పరస్కీవా.

“దేవుడు దోరుకి అందించుగాక, పిన్నీ. కానీ నా ఫోను వేరే కంపెనీది.”

“అయితే ఇవి పలకవా? ఇక్కడ నువ్వు వింటేనే కదమ్మా, అక్కడ వాడు వినేది!”

“కంగారుపడకు. కొవ్వొత్తి కాస్త పట్టుకో. మూత తెరిచి, వెనకున్న బటన్ నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుతుంది. ఇప్పుడు నా ఫోన్లో వెతకాలి... ఇదిగో, ‘దోరు చెవులు’ అని పేరొచ్చింది.”

“వాడే పెట్టుకున్నాడు. మార్చకే.”

“మార్చను. కలిశాయి పిన్నీ! ఒకటే లోటు. వాడి ఫోన్తో అయితే చెవిలోంచి తియ్యగానే పాట ఆగిపోయేది. దీనితో ఆగదు.”

“ఆగకపోతేనే మంచిది. ఏదీ, వాడికిష్టమైంది పెట్టు.”

ఇలింకా వాటిని చెవుల్లో పెట్టుకుని పాట పెట్టింది. ఆమె చెవుల్లోంచి సన్నని రొద బయటికి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర పరస్కీవా రోజూ విసుక్కున్న రొద అదే.

“వినిపిస్తోందా?”

“బాగా వినిపిస్తోంది పిన్నీ.”

“అయితే కాస్త తగ్గించు తల్లీ,” అంది పరస్కీవా. “చెవులు పాడవుతాయిరా అంటే వినడు.”