చదివితే ఇల్లు ఖాళీ చెయ్యాలట

హలో… ఆ, నేనే, వెర్లీన్‌ని. చెప్పు కెల్సీ… ఆ, కాలేజీకే బయల్దేరుతున్నా. ఫరవాలేదు, చెప్పు.

…ఏ ఉత్తరం? తలుపు కింద ఏం లేదే…

ఇల్లు ఖాళీ చెయ్యాలా? ఎవరు, నేనా?

…ఆగాగు. నా అద్దె ఒకటో తారీకు దాటిందా ఎప్పుడైనా?… మరి? పదకొండేళ్ళ నుంచీ ఉంటున్నానమ్మా ఈ బిల్డింగులో. నీకంటే ముందు ముగ్గురు మేనేజర్లు మారారు, నేను మారలేదు.

…చదువుకుంటున్నందుకా?

…మళ్ళీ చెప్పు. నిదానంగా చెప్పు… ఫుల్‌టైమ్ చదివేవాళ్ళు… ఒక్కళ్ళే ఉంటే… ఈ ఇళ్ళల్లో ఉండకూడదు. ఎవడు పెట్టాడీ రూలు?

…అంటే, ఎక్కడో ఒక పెద్ద కంపెనీ మన బిల్డింగు కట్టడానికి డబ్బు పెట్టింది. అందుకని ప్రభుత్వం దానికి పన్ను తగ్గించింది. నేను నర్సు చదువుకెళ్తే ఆ తగ్గింపుకి ఎసరు పెట్టినట్టవుతుంది. అంతేనా?… నా పుస్తకాల సంచీకీ వాళ్ళ పన్నుకీ ఏం సంబంధం కెల్సీ? వాళ్ళు నా మొహం చూశారా, నేను వాళ్ళ మొహం చూశానా?

…ఆ, అర్థమైంది. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి పేదోళ్ళ ఇళ్ళల్లో తిష్ఠ వెయ్యకుండా పెట్టారు. బాగుంది. నాకు యాభై రెండేళ్ళు. ఈ ఏక్రన్ ఊరి చలిలో మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని క్లాసుకెళ్తున్నా. ముప్ఫయ్యేళ్ళు ముసలాళ్ళ పక్కలు మార్చాను, ఒళ్ళు తుడిచాను. నేనా మీకు కాలేజీ కుర్రదానిలా కనిపించింది?

…అయినా వాళ్ళకెలా తెలిసింది? ఈ ఏడాది అద్దె ఫారం నేనింకా ఇవ్వలేదే…

ఫోటోనా?

…కెల్సీ. ఆ ఫోటో తీసింది నువ్వు. నేను వద్దన్నాను. జుట్టు బాలేదన్నాను. "మన వెర్లీన్ ఫుల్‌టైమ్ కాలేజీ విద్యార్థిని" అని రాసి, బెలూన్లు కట్టి మరీ లిఫ్టు పక్కన పెట్టావు. తనిఖీకొచ్చినాయన లిఫ్టు కోసం నిలబడి చదువుకున్నాడు… ఏడవకు. నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదిప్పుడు.

…ఫుల్‌టైమ్ కాకుండా ఒక క్లాసు మానేస్తేనా? మానేస్తే స్కాలర్‌షిప్ పోతుంది, దాంతోపాటు సీటూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి… ఎప్పటిలోగా తేల్చాలి?… శుక్రవారం. ఇవాళ బుధవారం.

…మినహాయింపులున్నాయా? అది కదా ముందు చెప్పాల్సింది. చదువు, వింటున్నా.

పెళ్ళి… శుక్రవారం లోపు మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్? ఉన్నవాణ్ణి తరిమి ఇరవయ్యేళ్ళయింది. తరవాత?

ఇంట్లో చిన్నపిల్లలు… నా కూతురు జనీస్‌కే ముప్ఫయ్యొకటి. క్లీవ్‌లాండ్‌లో దాని సంసారం దానిది. లేరు. తరవాత?

ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం… తీసుకోవట్లేదు. ఇంకా?

ఇంకోసారి చదువు అది.

…చిన్నప్పుడు ప్రభుత్వం వేరేవాళ్ళ ఇళ్ళల్లో పెట్టి పెంచిన పిల్లలయితే.

…ఆ. ఫారంలో ఉంటుంది ఆ ప్రశ్న, చూశాను. "కాదు" అనే రాశాను. మొదటిసారీ అంతే, తరవాతా అంతే.

…ఎందుకంటే ఏం చెప్పను? మీ అమ్మ నీకు ఆఫీసుకి లంచ్ డబ్బా తెచ్చిస్తుంది, నేను చూశాను. నీకెలా చెప్పాలి?

…ఆరేళ్ళప్పుడు మొదలు. ఐదిళ్ళు. ఇల్లు మార్చిన ప్రతిసారీ నా బట్టలు నల్ల చెత్త సంచీలో వేసి చేతికిచ్చారు. పద్దెనిమిదో పుట్టినరోజు పొద్దున కూడా అదే సంచీ ఇచ్చి, ఇంక నీ దారి నువ్వు చూసుకోమన్నారు. ఆ రోజే అనుకున్నా, ఇది చచ్చినా ఎవరికీ చెప్పనని… సారీలు వద్దు కెల్సీ. ఇన్నాళ్ళూ గుట్టుగా బతికాను. ఇప్పుడు ఇల్లు నిలబడాలంటే ఆ గుట్టు విప్పి మీ ముందు పరచాలి. అదీ నా మంట… నీ మీద కాదు. కాస్త నీ మీద కూడాను.

…సరే. "అవును" అని మార్చు. సాయంత్రం వచ్చి సంతకం పెడతా… రుజువా? కోర్టు కాగితం ఉంది. బట్టల అర అడుగున ఉంది, తెస్తాను.

…ఏంటి, నకలు జనీస్‌కి వెళ్తుందా?… ఆ, నేనే రాసిచ్చాను, ఫైల్లో ఏం మారినా నా కూతురికీ పంపమని. నాకేమన్నా అయితే దానికి తెలియాలని.

…పంపకు… లేదులే, రూలయితే పంపు. కానీ ఇవాళ మాత్రం పంపకు. నీకు దణ్ణం పెడతాను, రేపు పంపు.

…దానికి తెలీదు కెల్సీ. నన్ను మా అమ్మే పెంచిందని చెప్పాను. కల్పించి చెప్పాను. ఆమెకి ఓ పేరు పెట్టాను, ఓ వంటిల్లు పెట్టాను, ఆమె ఎలా నవ్వేదో కూడా చెప్పాను.

…జనీస్ తన పిల్లకి ఆ పేరే పెట్టుకుంది.

…ఫోన్ పెట్టెయ్ ఇంక. దానికి నేనే ఫోన్ చేసుకోవాలి.