పుస్తకంలో లేని అర్హత

మాదాపూర్‌లో కొత్తగా లేచిన సైబర్ టవర్స్ ఎదుట, ఒక బండరాయి మీద కూర్చుని ఇద్దరు గ్రూప్ టూ పరీక్షకు చదువుకుంటున్నారు. అతనిది నానక్‌రామ్‌గూడ. ఆమె కుటుంబం కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడింది. పుస్తకం ఆమె చేతిలో ఉంది.

“కులాంతర వివాహాల పథకం ఎవరికి వర్తిస్తుందో చెప్పండి.”

“ఇద్దరిల ఒకరు ఎస్సీ ఉండాలె. ఇంకొకరు వేరే కులం ఉండాలె. పెండ్లి రిజిస్టర్ కావాలె.”

“కరెక్టేనండి. తర్వాతి పథకం...”

“జర ఆగుండ్రి. ఇంకొకటి మిగిలింది. పిల్లకు ఇష్టముండాలె.”

“అది ఇందులో లేదండి.”

“లేదు. గందుకే మిమ్మల్ని అడుగుతున్న. నేను ఎస్సీ, మీరు కాదు. నేనంటే మీకు ఇష్టమేనా?”

ఆమె పుస్తకం మూసేసింది.

“ఇష్టమేనండి. ఈ మాట అడగడానికి ఏడాది పట్టిందా మీకు?”

“భయమైంది. మీ నాయన ఒప్పుకుంటడా?”

“ఒప్పుకోరు. బాగా అరుస్తారు.”

“అరవనియ్యుండ్రి. నేనొచ్చి మాట్లాడుత.”

“మీరొక్కరే వస్తే గుమ్మం దాటనివ్వరు. నేనే తీసుకెళతాను. నాన్నతో మాట కూడా నేనే మొదలుపెడతాను.”

“అయితే పరీక్ష అయినంక పోదమా?”

“పరీక్ష తప్పితే మళ్లీ రాసుకోవచ్చండి. లేవండి, కూకట్‌పల్లి బస్సొస్తోంది.”