స్ట్రెచర్ ఎక్కిన ప్లాను మేడమ్

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై మొదటి తేదీ ఉదయం మన ఆసుపత్రి పరిపాలనా విభాగంలో సహాయకురాలిగా చేరడానికి వచ్చిన ఒక యువతి, దారి తప్పి ఆపరేషన్ థియేటర్ బయట రోగుల బంధువుల మధ్య వినయంగా కూర్చున్నారు. "మీ పేషెంటు ఎవరమ్మా?" అని నర్సు అడిగితే, "ఇంకా తెలీదండీ, ఇవాళే చేరుతున్నాను" అన్నారట. అలా గందరగోళంతో ఆరంభమై, ఈ సంస్థలోని గందరగోళాలన్నిటికీ క్రమశిక్షణ నేర్పిన ఆ ఉద్యోగ పర్వం నేడు సగౌరవంగా సంపూర్ణమవుతున్నది. విపత్తు సన్నద్ధత ప్రణాళికాధికారిణి అయిన వారిని ఆసుపత్రి యావత్తూ ఆప్యాయంగా పిలుచుకునే పేరు ప్లాను మేడమ్.

తొలి సంవత్సరాలు మందుల గిడ్డంగిలోనూ, డ్యూటీలు వేసే గదిలోనూ గడిచాయి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం రెండు బస్సులు ఢీకొని క్షతగాత్రులు ఒక్కసారిగా మన గుమ్మంలో దిగారు. అత్యవసర విభాగం, ఎక్స్‌రే గది, రక్తనిధి, థియేటర్ వేటికవే ముందుచూపుతో ప్రణాళికలు వేసుకున్నాయి గానీ, నాలుగూ కలిసి ఒకే స్ట్రెచర్ మనిషిని నమ్ముకున్నాయి. కాగితాల మీద నలుగురు, గుమ్మం దగ్గర ఒక్కడు!

"ఇటు రావయ్యా!"

"ముందు ఇక్కడికి రా, తర్వాత అటు పోదువుగాని!"

"నన్ను నాలుగు ముక్కలు చేస్తే, నన్ను మొయ్యడానికి ఇంకో స్ట్రెచర్ కావాలండీ!" అని అతడు నడవ మధ్యలో నిలబడిపోయాడు. సిబ్బంది ఉండి కూడా ఇబ్బంది పడటమంటే ఏమిటో మేడమ్ ఆనాడు కళ్లారా చూశారు.

తదనంతరం వారు ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని రంగురంగుల గుడ్డ పట్టీలు కుట్టారు. విభాగానికో రంగు; విపత్తు వేళ ప్రతి మనిషి చేతికీ ఒక్కటే పట్టీ. ఆ రంగు విభాగం దాటి అడుగు వెయ్యకూడదు. అందరినీ నడిపించే తెల్ల పట్టీ మాత్రం తమ చేతికే కట్టుకున్నారు. "నాకు ఎరుపూ పసుపూ రెండూ కట్టమ్మా, నేను చూసుకుంటాను" అన్న పెద్ద సర్జన్‌గారికి, "రెండు చేతులకీ రెండు కట్టొచ్చండీ, మధ్యలో ఉండే మీరు ఒక్కరేగా!" అని జవాబిచ్చారు. హఠాత్తుగా పిలిపించిన నర్సుల పిల్లలను ఎవరు చూస్తారని ఆలోచించి, ఒక గదిని ఆ పసివారికే కేటాయింపజేసిన దూరదృష్టి కూడా వారిదే. ప్రణాళిక అనే మాటలో ప్రాణం వెతికిన వారు మరొకరు లేరు.

విరమణ సమీపించగానే సూపరింటెండెంట్‌గారు ఇంకొక్క ఏడాది ఉండమన్నారు. "మీరు లేకపోతే మాకు కాళ్లూ చేతులూ ఆడవు మేడమ్!" ఇంట్లోనేమో, మేడమ్‌కు తీరిక దొరికాకే చేయించుకుంటానని మోకాలి ఆపరేషన్ వాయిదా వేస్తూ, గోడ పట్టుకు నడుస్తున్న భర్త. ఉండిపోవడం బాధ్యతా, చాపల్యమా? వెళ్లిపోవడం హక్కా, పలాయనమా? అందరి ప్రణాళికలూ వేసిన మనిషికి తన ప్రణాళిక అంతుపట్టలేదు. చివరకు గత నెల విన్యాసంలో, అంటే ఉత్తుత్తి విపత్తు నాడు, తెల్ల పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, మెడలో రోగి చీటీ తగిలించుకుని స్ట్రెచర్ ఎక్కి పడుకున్నారు. ఆసుపత్రి నడిస్తే వెళ్లిపోవడం, నడవకపోతే ఉండిపోవడం.

మొదట నడవలేదు. ఎర్ర పట్టీలూ పసుపు పట్టీలూ ఒకే లిఫ్టులో ఇరుక్కున్నాయి. అందరూ స్ట్రెచర్ చుట్టూ చేరారు.

"మేడమ్, సిలిండర్లు వార్డుకా, థియేటరుకా?"

"స్పృహ లేనివాళ్లను అడక్కూడదు."

"మరి మాట్లాడుతున్నారుగా!"

"అది కలవరింత."

అప్పుడు హెడ్ నర్సు బల్ల మీది తెల్ల పట్టీ తన చేతికి చుట్టుకుని, "ఆవిణ్ణి వదిలెయ్యండి, ఆవిడ పేషెంటు! సిలిండర్లు థియేటరుకి. పసుపు వాళ్లు లిఫ్టు దిగి మెట్లెక్కండి!" అని గద్దించింది. గుంపు విడిపోయింది. చక్రాలు కదిలాయి. గోడవారన మేడమ్ ఒక్కరే మిగిలారు.

ఎంత సంతోషించాలో అంత సంతోషించారు. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూశారు. పక్కనుంచి పరుగెత్తేవారు ఒక్కరూ ఆగడం లేదు. ఒక్కసారైనా, మాటవరసకైనా అడగరేం? కళ్లలో నీళ్లు తిరిగాయి; అవి ఏ రంగు పట్టీకి చెందినవో వారికే తెలియలేదు.

ఇంతలో ప్రతి విన్యాసంలోనూ కంగారుపడే బంధువు వేషం కట్టే భర్త, "మా ఆవిడ ఎక్కడండీ?" అని అలవాటుగా కేకలేస్తూ, కుంటుకుంటూ వచ్చి స్ట్రెచర్ చూసి నిజంగానే కంగారుపడ్డారు.

"ఏమైందోయ్ నీకు?"

"ఏమీ కాలేదండీ. నేను లేకపోయినా ఎవరికీ ఏమీ కాలేదు."

"అయితే మంచిదేగా?"

"ఏమో, నాకే అర్థం కావడం లేదు. మీరు ముందు కూర్చోండి, ఆ కాలు చూడండి ఎలా వాచిందో" అంటూ మేడమ్ దిగి, ఆయనను స్ట్రెచర్ మీద కూర్చోబెట్టి, ఎముకల డాక్టరుగారి గదివైపు తామే తోసుకుంటూ వెళ్లారు, ఆపరేషన్‌కు తేదీ అడగడానికి.

ఆ దంపతులు నాలుగు దృఢమైన మోకాళ్లతో, ఆయురారోగ్యాలతో, ఏ ప్రణాళికా లేని ఉదయాలు అనేకం అనుభవించాలని మనసారా కోరుకుంటున్నాము. మేడమ్ మన ఆసుపత్రికి తరచుగా రావాలి, మమ్మల్ని చూడటానికే తప్ప చూపించుకోవడానికి కాదు. వచ్చినప్పుడు, ఊరికే మాటవరసకైనా, మేము ఒక సలహా తప్పక అడుగుతాము.