మీటర్ చూసే తమ్ముడు

కరెంటు సంస్థ కంట్రోల్ రూమ్ పక్కనున్న అద్దాల గదిలోకి, కంప్యూటర్ల భద్రత చూసే అధికారిణి ఇంజనీరును పిలిపించింది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఊళ్లో ఇన్ని స్మార్ట్ మీటర్లుండగా, రోజూ పొద్దున్నే ఆ ఒక్కటే ఎందుకు తెరుస్తున్నారు?"

"అది మా అక్కయ్యది మేడమ్. ఒక్కతే ఉంటుంది. తను హీటర్ వేస్తే గ్రాఫ్‌లో గీత లేస్తుంది. హమ్మయ్య, బాగానే ఉంది అనుకుని నా పని నేను చూసుకుంటా."

"ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"మా మధ్య మాటల్లేవు. ఇద్దరం మొండివాళ్లమే."

"ఆ గీత చూస్తే ఇంట్లో మనిషి ఉందో లేదో తెలిసిపోతుంది. దొంగకు కావాల్సిందీ అదే. అందుకేగా, మనలో ఎవరు మీటర్ చూసినా ఆ ఇంటివాళ్ల యాప్‌లో పేరు పడేలా పెట్టాం?"

"ఆ పేజీ ఎవరు తెరుస్తారులే అనుకున్నా. అయితే... అక్కయ్య ఫిర్యాదు చేసిందా?"

"నిన్న సాయంత్రం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు."

"ఏమంది? నా ఉద్యోగం ఊడబెరకమందా?"

"నిన్నా మొన్నా మీరు సెలవులో ఉన్నారా?"

"జ్వరం మేడమ్. మంచం దిగలేదు."

"ఆవిడ అన్నది అన్నట్టే చెప్తాను, వినండి. 'రోజూ నా మీటర్ చూసేవాడు రెండు రోజులుగా చూడట్లేదు. వాడి ఒంట్లో బాగానే ఉందా?'"

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇవాళ్టి నుంచి ఆ మీటర్ మీకు తెరుచుకోదు. రేపు ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటారు?"

"మీరేం చెప్పకండి మేడమ్. నాకిప్పుడు ఒక గంట పర్మిషన్ ఇప్పించండి, చాలు."